పన్నెండు వోల్టుల పట్టు

మా ఆఫీసులో ఒక యూపీఎస్ ఉండేది. అందరం దాన్ని గాడిద అనేవాళ్ళం. కరెంటు పోగానే ఓండ్ర పెట్టడం మొదలుపెట్టేది. నలభై నిమిషాలు అరిచి అరిచి చతికిలపడేది. దాంతోపాటు ఇంటర్నెట్టూ, మా పనీ ఆగిపోయేవి.

మా పని రక్తం వెతకడం. ట్రిపోలీలో తల్ గడియార స్తంభానికి నాలుగడుగుల దూరంలో, గొడుగులు బాగుచేసే కొట్టు ఉన్న మేడలో, మూడో అంతస్తులో రెండు గదులు మావి. సముద్రం నుంచి లెబనాన్ కొండల దాకా ఏ ఆసుపత్రికి రక్తం కావలసినా మాకు కబురు పెడతారు. మా జాబితాలో ఆరువేల మంది దాతలున్నారు. వాళ్ళలో సరిపోయేవాళ్ళను వెతికి, బతిమాలి, బయల్దేరదీయడం మా వంతు. కబుర్లూ ఫోన్లూ అన్నీ ఇంటర్నెట్టు మీదే. నా పేరు వదాద్. ముప్ఫై ఏళ్ళు భూగోళం పాఠాలు చెప్పి, రిటైరయ్యాక అక్కడ చేరాను. ఆఫీసు పెద్ద ముంజిర్‌ను అందరూ గౌరవంగా ఉస్తాజ్ అంటారు, ఒకప్పుడు మందుల షాపు నడిపినవాడు. సీసా మీద చీటీ చదవందే మంచినీళ్ళు కూడా తాగని మనిషి. మూడో మనిషి సుహైలా.

సుహైలాకి ముప్ఫై ఆరేళ్ళు. మీనా రేవులో ఆమె తండ్రి చేపల పడవలకు వైరింగు చేసేవాడు. పన్నెండేళ్ళప్పటి నుంచీ ఆయన పక్కనే కూర్చుని పని నేర్చింది. ఆయన పోయాక ఆ కొట్టు తనే నడిపింది. డీజిలు దొరక్క పడవలు ఒడ్డుకు చేరాక పని లేక, మా దగ్గర దాతల జాబితా రాయడానికి వచ్చింది. బ్యాటరీ ఆసిడ్ పడి చిల్లులైన చొక్కా చేతుల్ని మడిచి, ఆ చిల్లులు కనపడకుండా కూర్చునేది.

ఆ ఏడాది జూన్ నాటికి సర్కారు కరెంటు రోజుకొక గంట. వీధి జనరేటరువాడు ఎనిమిది గంటలని చెప్పి ఐదు ఇచ్చేవాడు. ఒక మధ్యాహ్నం అక్కార్ నుంచి ఒక ఆసుపత్రివాళ్ళు మాట్లాడుతుండగా గాడిద చచ్చింది. రోగి పేరు విన్నాం గానీ ఏ గ్రూపో వినలేదు. మళ్ళీ లైను దొరికేసరికి మూడు గంటలు పట్టింది. అదృష్టం బాగుండి వాళ్ళకి వేరేచోట రక్తం దొరికింది. సుహైలా మాత్రం ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే బల్ల కిందకి దూరి, గోడకున్న అడాప్టర్లన్నీ పీకి నా ఒళ్ళో పోసింది.

"టీచరమ్మా, వీటి మీద ఏం రాసుందో చదవండి. అక్షరాలు చీమ తలకాయల్లా ఉన్నాయి."

కళ్ళద్దాలు సర్దుకుని చదివాను. "పన్నెండు వోల్టులు."

"ఇది?"

"ఇదీ పన్నెండే."

"ఆ తెల్లది?"

"అదీ పన్నెండే. ఏంటమ్మా, ఎక్కాలు చదివిస్తున్నావా?"

ఆమె నేల మీదే బాసింపట్టు వేసుకుని నవ్వింది. "పడవలో దీపం పన్నెండు. రేడియో పన్నెండు. చేపలు చూసే తెర పన్నెండు. రెండ్రోజులు సముద్రంలో ఉన్నా బ్యాటరీ చావదు. మరి మన గాడిదేం చేస్తోందో తెలుసా? కడుపులో అరచేతిమందం బ్యాటరీ. అందులో ఉన్న పన్నెండుని తీసుకెళ్ళి రెండొందల ఇరవై చేస్తోంది. గోడ దగ్గర ఈ డబ్బీలు దాన్ని మళ్ళీ పన్నెండు చేస్తున్నాయి. ఉన్న కాస్త మేతా దారిలోనే తినేస్తే ఇంకేం మోస్తుంది? ఆ మధ్యవర్తుల్ని తీసేసి పడవ బ్యాటరీకే నేరుగా కలిపేస్తే సరి!"

ముంజిర్ భయపడ్డాడు. గాడిదను మాకు అమ్మిన ఫవ్వాజ్‌ను పిలిపించాడు. ఫవ్వాజ్ వీధి చివర కంప్యూటర్ల కొట్టు నడిపే ఇంజనీరు. మంచివాడే, కాకపోతే తనకు తెలియనిది ఇంకొకరికి తెలుసంటే అరగదు.

"ఇది ఆఫీసనుకున్నావా, సార్డీన్ల పడవనుకున్నావా?" అన్నాడు వస్తూనే. "రేపు బల్లల మీద వల కూడా ఆరేస్తావా ఏంటి?"

"వల ఆరేస్తే చేపైనా పడుతుంది. నీ పెట్టె పెడితే చెవుడు తప్ప ఏమొచ్చింది?" అంది సుహైలా.

"బ్యాటరీ నింపేటప్పుడు పద్నాలుగు వోల్టులు దాటుతుందమ్మాయ్. నీ రూటరు వేయించిన గుమ్మడి గింజైపోతుంది. ఆ సంగతి మీ నాన్న చెప్పలేదా?"

ఆ మాటకు ఆమె తగ్గింది. "అది నిజం. అందుకే మధ్యలో చిన్న డబ్బా పెడతా. వచ్చేది పదకొండైనా పద్నాలుగైనా, పోయేది మాత్రం పన్నెండే. రేవులో రేడియోలకి అదే వాడతాం."

"మంటలొస్తే?" అన్నాడు ముంజిర్.

"బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెడతానండి. తేడా వస్తే ముందు అదే తెగిపోద్ది."

ముంజిర్ గడ్డం నిమురుకుని, ఒక ఆదివారం పరీక్షకు ఒప్పుకున్నాడు.

బ్యాటరీల కోసం వెతకాల్సిన పనే లేకపోయింది. రేవులో పడవలు ఊరికే పడివున్నాయి. ఎవరికి రక్తం కావాలో, ఎందుకో సుహైలా చెప్పగానే జాలర్లు రెండు పెద్ద బ్యాటరీలు చక్రాల బండి మీద తోసుకొచ్చి, మూడంతస్తులూ మోసి పెట్టిపోయారు. ఒకటి చాలు, రెండోది దేనికని అడిగితే, "సముద్రానికెళ్ళేవాడు ఒక్క తెడ్డుతో వెళ్తాడా?" అన్నారు.

ఆదివారం ఆమె వైర్లు బిగించి, కరెంటున్నప్పుడు బ్యాటరీని నింపే ఛార్జరు ప్లగ్గును గోడ నుంచి పీకింది. రూటరు దీపాలు కదల్లేదు. మోడెము దీపాలు కదల్లేదు. గాడిద అరవలేదు, దానికి పనే లేదు. ముంజిర్ చప్పట్లు కొట్టబోయాడు. సరిగ్గా అప్పుడే వీధి జనరేటరు ఆగింది. రూటరు వెలుగుతూనే ఉంది, ఇంటర్నెట్టు దీపం మాత్రం ఎర్రబడింది.

పరీక్ష చూడ్డానికొచ్చిన ఫవ్వాజ్ గోడకానుకుని పొట్ట పట్టుకుని నవ్వాడు. "పడవ భేషుగ్గా ఉంది, సముద్రమే ఇంకిపోయింది!"

సుహైలా ముఖం కందగడ్డయింది. కిటికీలోంచి తల బయటపెట్టి, మా వైరు ఎటు పోతోందో చూసింది. అది వీధి దాటి, ఎదురుగా ఉన్న ఏడంతస్తుల మేడ మీదికి పాకింది. ఇంటర్నెట్టు పంచేవాడికి ఫోను చేసి సంగతంతా రాబట్టింది. వాడి అసలు కేంద్రం ఖుబ్బా గుట్ట మీద ఉంది. అక్కడ సౌరఫలకాలున్నాయి, ఎప్పుడూ ఆగదు. అక్కడి నుంచి గాలిలో వచ్చే సంకేతాన్ని ఈ మేడ మీదున్న చిన్న డిష్ పట్టి, ఒక పెట్టె ద్వారా వీధికి పంచుతుంది. ఆ పెట్టెకు కరెంటు మెట్ల దారి నుంచి వస్తుంది. జనరేటరు ఆగితే అదీ ఆగుతుంది.

"తెగింది ఒక్క లంకె. అది ఆ మేడ మీదుంది" అంది సుహైలా.

"ఆ మేడ మీదకి నేను రాను. పోయినసారి చెప్పు విసిరాడు" అన్నాడు ముంజిర్.

విసిరినవాడు అబూ అదీబ్. డెబ్భై ఏళ్ళవాడు, పావురాలు పెంచుతాడు. వైర్లు లాగేవాళ్ళు వచ్చిన ప్రతిసారీ పిట్టలు బెదిరి చెల్లాచెదురవుతాయని ఎవరినీ పైకి రానివ్వడు. సుహైలాతోపాటు నేనూ వెళ్ళాను. లిఫ్టు పనిచేసి రెండేళ్ళయింది. ఏడో అంతస్తు చేరేసరికి నా గుండె చెవుల్లో కొట్టుకుంటోంది.

"ఎవరు మీరు? వైర్లవాళ్ళైతే అట్నుంచటే దిగండి!" అంటూ పావురాల్ని ఎగరేసే ఒక పొడుగాటి కర్ర, దాని కొసన నల్లగుడ్డ, వాటి వెనక అబూ అదీబ్ వచ్చాడు.

"వైర్లవాళ్ళమే బాబాయ్. కానీ ముందు కాసిని మంచినీళ్ళివ్వు. టీచరమ్మ పోయేలా ఉంది."

నీళ్ళిచ్చాడు. నీళ్ళిచ్చిన మనిషిని మనం తిట్టలేం, మనల్ని ఆయన తిట్టలేడు. సుహైలా మా పనేమిటో చెప్పింది. ఆయన కర్ర ఆనించి విన్నాడు.

"పావురాలోడి సాక్ష్యం కోర్టులో చెల్లదంటారు. నేను సాక్ష్యానికే పనికిరానంట. అలాంటివాణ్ణి నమ్మి బ్యాటరీ పెట్టి పోతావా?"

"కోర్టుకి వెళ్ళడం లేదుగా బాబాయ్. నీ మేడకొచ్చాను."

ఆమె మాట్లాడుతూనే పావురాల గూడులోకి తొంగి చూసింది. రేకుల కింద ఎండ మండిపోతోంది. ఒక మూల రెండు పిల్లలు మెడలు వేలాడేసి ఉన్నాయి.

"వేడికి పోతున్నాయి" అన్నాడాయన. "ఈ నెల్లో పదకొండు."

"మా నాన్న పడవ గదిలో ఫ్యానొకటి ఉంది. దానిదీ పన్నెండే. ఆ పెట్టెకి పెట్టే బ్యాటరీకే దీన్నీ కలిపేస్తాను."

అబూ అదీబ్ ఒక వేలు చూపించాడు. "ఒక షరతు. నువ్వు తప్ప ఇంకో వైర్లోడు పైకి రాకూడదు. ఏదైనా తేడా వస్తే కిటికీలోంచి నాకు చెప్పు, నేనే చూస్తా."

అలా ఆయన ఆమెకు శిష్యుడయ్యాడు. ఏ దీపం ఆకుపచ్చగా ఉండాలి, బ్యాటరీ మీది ఏ కొక్కెం వదులైతే ఏమవుతుంది, ఫ్యూజు ఎక్కడుంది, అన్నీ బడిపిల్లాడిలా వేళ్ళు మడిచి అప్పజెప్పాడు. రెండో బ్యాటరీ ఆ మేడ మీదికి చేరింది. మరుసటి ఆదివారం జనరేటరు ఆగినా మా ఇంటర్నెట్టు ఆగలేదు. ముంజిర్ గడియారం ముందు కూర్చుని ఐదు గంటలు లెక్కపెట్టాడు. ఫవ్వాజ్ మాత్రం రాలేదు. "ఒక రోజు నడవడం గొప్పా?" అన్నాడని తెలిసింది.

ఆగస్టు రెండో వారంలో డీజిలు పూర్తిగా అయిపోయింది. బుధవారం సాయంత్రం ఆరింటికి ఊళ్ళో జనరేటర్లన్నీ ఒకదాని వెంట ఒకటి ఆగాయి. గురువారం పొద్దుటికి సెల్లు టవర్లూ మూగబోయాయి. వీధిలో జనం ఫోన్లు ఆకాశానికెత్తి తిరుగుతున్నారు. తొమ్మిదింటికి నేను ఆఫీసుకు వెళ్ళేసరికి మా రూటరు పదిహేను గంటలుగా వెలుగుతూనే ఉంది.

అప్పుడే కబురొచ్చింది. ఊళ్ళోని ఒక ఆసుపత్రి నుంచి నర్సు. వాళ్ళ జనరేటరుకు దాచిన డీజిలు ఇంకా ఉంది.

"హమ్మయ్య, పలికారా! తొమ్మిది చోట్లకి చేశాను, ఒక్కళ్ళూ ఎత్తలేదు. మా దగ్గర రిహాబ్ అని, ఇరవై ఆరేళ్ళు, కాన్పయింది. రక్తం ఆగట్లేదు. ఓ నెగటివ్. మా దగ్గర రెండే ఉన్నాయి, రెండూ ఎక్కించేశాం. ఇంకో నాలుగు కావాలి. త్వరగా అక్కా!"

ఊళ్ళో ఓ నెగటివ్ దాతలు నలభై ముగ్గురున్నారు. సుహైలా, ముంజిర్ చెరో సగం పంచుకుని మొదలుపెట్టారు. ఒక్క ఫోనూ మోగలేదు. ముంజిర్ జాబితా బల్ల మీద పడేశాడు. "అందరూ ఉన్నారు, ఒక్కడూ దొరకడే! ఇంటింటికీ పరిగెత్తి వెతుకుదామా?"

నాకు నా పాత గోడపటం గుర్తొచ్చింది. "ఊరు వదిలెయ్యండి. పైకి పదండి" అన్నాను. "కొండమీద ఊళ్ళలో చాలా టవర్లకి సౌరఫలకాలున్నాయి. జాబితాని పేర్లతో కాదు, ఎత్తుతో వెతకండి. కూరా, జఘర్తా, దాని పైవి."

సుహైలా నావైపు చూసి, "టీచరమ్మా, ఇన్నేళ్ళూ ఈ పాఠం ఎక్కడ దాచారు?" అంది.

పది నిమిషాల్లో కూరాలో ఒకామె పలికింది. నూనె గానుగ నడిపే మనిషి. "రక్తం ఎంతైనా తీసుకోండి, కానీ బండిలో పెట్రోలు చుక్క లేదు" అంది. ఇంకో ఊళ్ళో మఠంలో ఉండే సిస్టరు, అదే మాట. మనుషులు దొరికారు, చక్రాలు దొరకలేదు. పదకొండయింది. సుహైలా మీటరు పెట్టి చూసింది.

"పన్నెండు పాయింటు ఒకటి. ఇలా అయితే సాయంత్రానికి కష్టం. ప్రింటరుని ఇంటర్నెట్టుకి కలిపే పెట్టె పీకండి. బల్లల మీద ఫోన్లు పీకండి. మోడెము, రూటరు, మన చేతిలో రెండు సెల్లులు, అంతే. ఇంకేమీ తాగకూడదు."

పన్నెండున్నరకి జఘర్తాలో టన్నూస్ దొరికాడు. బడి బస్సు డ్రైవరు, వేసవి సెలవులు. ఆయనా ఓ నెగటివే. "బస్సులో డీజిలుందా?" అని ముంజిర్ అరిచాడు. "సగం ట్యాంకుంది ఉస్తాజ్. ఎవరికీ చెప్పకండి, నన్ను బతకనివ్వరు. ఎక్కడికి రమ్మంటారు?" అన్నాడాయన. ముంజిర్ నోరు తెరిచేలోగా లైను పోయింది.

మా రూటరు వెలుగుతోంది. ఇంటర్నెట్టు దీపం ఎర్రగా ఉంది.

సుహైలా నడుము దాకా కిటికీలోంచి బయటికి వంగింది. "అబూ అదీబ్ బాబాయ్! ఆకుపచ్చ దీపం ఉందా?"

ఎదురు మేడ మీద నల్లగుడ్డ కర్ర కదిలింది. "లేదు! చచ్చింది!"

"కొక్కేలు చూడు!"

"చూశా! గట్టిగానే ఉన్నాయి!"

ఆమె పెదవి కొరుక్కుంది. ఏం జరిగిందో ఆమెకు అర్థమైంది, నాకూ అర్థమైంది. ఆ బ్యాటరీ మీద పెట్టెతోపాటు ఫ్యానూ ఉంది. పద్దెనిమిది గంటలుగా తిరుగుతూ, పెట్టె వంతు కూడా అదే తాగేసింది. ఆ మాట ఆయనతో అనడానికి ఆమెకు నోరు రాలేదు. పావురాల మీదే ఆయన ప్రాణం. వీధిలో ఎండ నిప్పులు చెరుగుతోంది.

"బాబాయ్..." అని మొదలుపెట్టింది.

"నోర్మూసుకో, నాకు తెలుసు!" అని పైనుంచి కేక. "ఫ్యాను పీకేశా! నేను ముసలోణ్ణి గానీ వెర్రోణ్ణి కాదు! ఆగు... ఆగు... వెలిగింది! అమ్మాయ్, ఆకుపచ్చగా వెలిగింది!"

కర్ర కొసన నల్లగుడ్డ ఆకాశంలో గిరగిరా తిరిగింది. వీధిలో జనం తలలెత్తి చూశారు. మా ఎర్ర దీపం రెండు నిమిషాలు మమ్మల్ని ఏడిపించి, పచ్చబడింది. టన్నూస్ ఇంకా అక్కడే ఉన్నాడు. "ఏంటి ఉస్తాజ్, మాట మధ్యలో నిద్రపోయారా?" అన్నాడు. కూరాలో గానుగామెను, మఠంలో సిస్టరును ఎక్కించుకుని ఆసుపత్రికి రమ్మని చెప్పాం. "బడిపిల్లల కన్నా వీళ్ళు నయం, వెనక సీట్లో కొట్టుకోరు" అని బస్సు తీశాడు.

ముగ్గురు దొరికారు. నాలుగోవాడు కావాలి.

ఒంటిగంటకు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఫవ్వాజ్. చొక్కా తడిసి వీపుకంటుకుంది. చేతిలో చచ్చిన ఫోను.

"మీ దగ్గర ఇంటర్నెట్టుందని కింద గొడుగులాయన చెప్పాడు. అబద్ధమనుకుని వచ్చాను." రూటరు దీపాలకేసి చూసి ఆగిపోయాడు. "ఎన్ని గంటలు?"

"పంతొమ్మిది" అంది సుహైలా, తలెత్తకుండా.

ముంజిర్ మాత్రం కుర్చీలోంచి ఎగిరి లేచాడు. జాబితాలో వేలు పెట్టి, ఆ వేలు అలాగే ఫవ్వాజ్ వైపు తిప్పాడు. "పద్నాలుగో పేరు! పొద్దుట్నుంచీ నీ ఫోనుకే చేస్తున్నాం! ఓ నెగటివ్!"

ఫవ్వాజ్ ఫోను జేబులో పెట్టాడు. "ఎవరికి?"

"కాన్పయిన పిల్లకి. ప్రాణం మీదికొచ్చింది."

తను వచ్చిన పని చెప్పనేలేదు. వెనక్కి తిరిగి మెట్లు దూకుకుంటూ దిగిపోయాడు. కిటికీలోంచి చూస్తే గడియార స్తంభం పక్కనుంచి, ఆ ఎండలో, ఆ బొజ్జతో పరిగెత్తుతున్నాడు.

తర్వాత మేము చేయగలిగిందేమీ లేదు. మధ్యమధ్య వేరే కబుర్లు వస్తూనే ఉన్నాయి. ఒకచోట ఎ పాజిటివ్, ఒకచోట పసివాడికి ప్లేట్‌లెట్లు. ఊరి నోరు మూతపడింది కాబట్టి అందరూ మా దగ్గరికే వచ్చారు. సుహైలా అరగంటకోసారి మీటరు పెట్టి అంకె చూసుకునేది. ఎదురు మేడ మీద అబూ అదీబ్ గోనెసంచులు తడిపి గూటి రేకుల మీద పరిచి, అట్టముక్కతో పావురాలకు విసురుతున్నాడు. కింద కొట్లవాళ్ళు తలా ఒక బకెట్టు నీళ్ళు ఏడంతస్తులు మోసి ఆయనకు అందించారు. వాళ్ళనెవరినీ ఆయన తిట్టలేదు.

మూడున్నరకి నర్సు పిలిచింది. ఆమె మాటలకన్నా ముందు ఒక పసిపాప ఏడుపు వినిపించింది.

"విన్నారా అక్కా? కావాలనే వినిపించాను. నాలుగూ ఎక్కించాం. రక్తం ఆగింది. రిహాబ్ కళ్ళు తెరిచి ముందు నీళ్ళడిగింది, తర్వాత పిల్లనడిగింది. ఇంక భయం లేదన్నారు డాక్టరమ్మ."

ముంజిర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. సుహైలా కిటికీ దగ్గరికెళ్ళి, రేవులో పడవను పిలిచే గొంతుతో కేకేసింది. "బాబాయ్! తల్లీ బిడ్డా క్షేమం!"

ఎదురు మేడ నుంచి ఆయన గొంతు, వీధిలోంచి చప్పట్లు, కొట్ల తలుపుల మీద దరువులు. గొడుగులాయన ఉన్న గొడుగులన్నీ ఒకేసారి తెరిచి వీధి మధ్యలో పెట్టాడు. మిఠాయి కొట్టువాడు మంచు కరిగిపోతే ఎలాగూ పాడవుతుందంటూ జున్ను హల్వా పళ్ళెం నిండా మా మెట్ల మీదికి పంపాడు.

ఫవ్వాజ్ మోచేతికి పట్టీతో తిరిగొచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. "సుహైలా," అన్నాడు. అమ్మాయ్ అనలేదు. "ఆ వోల్టుల డబ్బా ఎలా బిగించావో చూపిస్తావా? నా కొట్టు చుట్టూ మందుల షాపులున్నాయి, డయాలసిస్ చేసే చోటు ఒకటుంది. అందరికీ నేను గాడిదల్నే అమ్మాను."

"ముందు కూర్చో. రక్తమిచ్చొచ్చావు, హల్వా తిను" అంది. అతను తింటుండగా, పక్కనే నేల మీద కూర్చుని కాగితం మీద గీసి చూపించింది. ఏ తీగ ముందు కలపాలి, ఫ్యూజు బ్యాటరీకి ఎంత దగ్గరుండాలి, మీటరు ఎంతకు దిగితే ఆపెయ్యాలి. అతను ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు. రెండుసార్లు మళ్ళీ చెప్పమన్నాడు.

ఆరింటికి ఇరవై నిమిషాలు తక్కువగా ఉన్నప్పుడు వీధంతా ఒక్కసారి గొల్లుమంది. "కరెంటొచ్చింది! కరెంటొచ్చింది!" బాల్కనీల్లో ఈలలు, పిల్లల కేకలు, ఎక్కడో ఒక టీవీ గట్టిగా మోగడం.

మా ఆఫీసులో మాత్రం ఎవరూ తలెత్తలేదు. ముంజిర్ హల్బా నుంచి వచ్చిన ఫోనులో ఉన్నాడు. నేను పసివాడి ప్లేట్‌లెట్ల కోసం బయల్దేరిన ఇద్దరు అన్నదమ్ములకు దారి చెబుతున్నాను. సుహైలా ఒక చెవి చేత్తో మూసుకుని, రెండో చెవికి ఫోను ఆనించుకుని, కిటికీ తలుపు కాలితో దగ్గరికి లాగింది.

"ఇక్కడ కాస్త గోలగా ఉందండీ," అంది అవతలి మనిషితో. "మీరు చెప్పండి. ఏ గ్రూపు కావాలి?"